గడి కొన్నవాళ్ళు

కెనడాలోని సార్నియాలో కాలేజీ వదిలేసరికి మంచు పడుతోంది. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. అనంత్ కారు పక్కకు తెచ్చి ఆపి "ఎక్కురా" అన్నాడు. శ్రీహర్ష ఎక్కాడు గానీ, లోపల కుళ్ళుకుంటూనే ఉన్నాడు.

అనంత్ వాళ్ళమ్మ ఒకప్పుడు ఊరి దొరలైన శ్రీహర్ష వాళ్ళ గడిలో వాకిలి ఊడ్చేది. ఇప్పుడు ఆ గడి అనంత్ వాళ్ళది. బోర్లు వేసే బండ్ల మీద సంపాదించి వాళ్ళ నాన్న ఈమధ్యే కొన్నాడు. ఇక్కడ కూడా కారు అనంత్‌దే, పార్ట్ టైం జాబ్ అనంత్‌కే.

ఆ రోజు క్లాసులో ఒక పాత ఐరిష్ నవల చెప్పారు. పల్లెలో తాతలనాటి బంగళా అమ్ముకుని వెళ్ళిపోయే జమీందారు కుటుంబం కథ. అది తన కథేననిపించినా శ్రీహర్షకు నోరు పెగల్లేదు. అనంత్ లేచి మాట్లాడితే క్లాసంతా వింది.

"గడి గురించి నీకొకటి చెప్పాలె. ఎన్నిసార్లో అనుకున్న" అన్నాడు అనంత్.

"చెప్పు. మా తాత గదిలో ఎవరు పడుకుంటున్నారు?"

అనంత్ కారు రోడ్డు పక్కన ఆపాడు.

"అమ్మ లోపలికే పోతలేదురా. దొడ్డి దర్వాజ కాడ చెప్పులిడిచి నిలబడుతదంట. బాపు ఎంత చెప్పినా, 'దొరసాని పిలవకుంట ఎట్ల పోతా' అంటదంట. మీ అమ్మగారు ఒక్కసారి ఫోన్ చేసి, ముందు దర్వాజ నుంచి పొమ్మని చెప్తరా?"

శ్రీహర్షకు ముందు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని గమనించుకుని తనే సిగ్గుపడ్డాడు. ఇండియాలో అంతా నిద్రపోయే వేళని తెలిసినా, ఫోన్ తీసి అమ్మకు కలిపాడు.