పిచ్చుక చెయ్యి

వాకిట్లో కారు ఆగిన చప్పుడుకి అమ్మమ్మ చేతిలోని కప్పు సాసరు మీద గడగడలాడింది.

"ఏంటి అమ్మమ్మా, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు ఆ వణుకు!" మనవరాలు నవ్వింది. "వచ్చేది నీ పాత నేస్తమేగా?"

"నేస్తమేంటే తల్లీ... ఒకరి మొహం ఒకరం ఎప్పుడూ చూడనే లేదు."

ఆ మాట నిజమే. యుద్ధకాలంలో శత్రువుల ఊళ్ళో, ఓ అటకగదిలో దాక్కుని వైర్‌లెస్ మీట మీద టకటకల మోర్స్ భాషలో రహస్యాలు పంపిన గూఢచారిని 'పిచ్చుక' అనేవారు. సరిహద్దుకి ఇవతల హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూడేళ్ళు ఆ కబుర్లు రాసుకున్న అమ్మాయే ఇవాళ వస్తున్న ముసలావిడ. మొహం తెలియకపోతేనేం, చెయ్యి తెలుస్తుంది. మనిషికో నడక ఉన్నట్టే మీట కొట్టడంలోనూ ఎవరి తీరు వాళ్ళది. ఒకరు తొందరపడతారు, ఒకరు సాగదీస్తారు. వినేవాళ్ళు దాన్నే 'చెయ్యి' అంటారు. ఇంకొకరిది ఎంత నేర్చుకుని అనుకరించినా, ఆదమరిస్తే అసలు చెయ్యి బయటపడుతుంది, వినే చెవి దాన్ని పట్టేస్తుంది.

అరవై ఏళ్ళ తర్వాత, అమ్మమ్మదేనని ఇంట్లో అందరూ చెప్పుకునే ఆ పిచ్చుక కథ టీవీలో సీరియల్‌గా వస్తోంది. పిచ్చుక వేషం మనవరాలిదే. వీధిలోకి వెళ్తే చాలు, పిల్లలు "పిచ్చుకక్కా!" అంటూ వెంటపడుతున్నారు. ఇంట్లో ఎవరికీ కాళ్ళు భూమ్మీద ఆనడం లేదు, అమ్మమ్మకి తప్ప. సీరియల్ పాట మొదలవగానే ఆవిడ లేని పని కల్పించుకుని వంటింట్లోకి జారుకునేది. పాత గాయాలు, పాపం, అని వీళ్ళు సరిపెట్టుకునేవారు.

అంతటితో ఆగినా బాగుండేది. మనవరాలికి ఏడుపొచ్చు, పరుగొచ్చు, గోడ దూకడమూ వచ్చు. మీట కొట్టడమే రాలేదు. ఆ కొట్టుడు చూసి దర్శకుడు తల పట్టుకున్నాడు.

"చెయ్యి ఒక్కటే చూపిస్తారు అమ్మమ్మా. ముడతలు కనపడకుండా గ్లవ్స్ తొడుగుతారు. ప్లీజ్, నా కోసం" అని గడ్డం పట్టుకుంది.

ఆరుసార్లు కాదంది. ఏడోసారి పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మమ్మ వెళ్ళింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొట్టాలనే వెళ్ళింది. తీరా కూర్చున్నాక, ఎదురుగా పిల్ల రెండు చేతులూ జోడించి మురిసిపోతుంటే ఆ సంబరంలో అన్నీ మర్చిపోయింది. వేళ్ళు మాత్రం ఏదీ మర్చిపోలేదు.

ఆ భాగం వచ్చిన మర్నాడే టీవీ ఆఫీసుకి ఫోనొచ్చింది. "ఆ చేతిని నేనెరుగుదును. ఆవిడని ఒక్కసారి చూడాలి."

ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి అమ్మమ్మకి ముద్ద దిగలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పెయ్యమని కూతురిని బతిమాలింది. కూతురు వింటేగా! కర్టెన్లు మార్చింది, కొత్త కప్పులు తీసింది.

"అమ్మమ్మా, ఈ వారం అటకగది సీను" అంది మనవరాలు ఇప్పుడు అద్దంలో జడ సవరించుకుంటూ. "శత్రువులు పంపిన ఆ దొంగపిల్ల లేదూ, పిచ్చుక చెయ్యి నేర్చుకుని, పిచ్చుకని చంపేసి, పిచ్చుక పేరుతో తప్పుడు కబుర్లు పంపుదామని వచ్చిందే... దాన్ని కాల్చేటప్పుడు భయమెయ్యలేదూ?"

"వేసింది" అంది అమ్మమ్మ. "ఇప్పటికీ వేస్తుంది."

అది అబద్ధం కాదు. ఆ గదిలో ఒకే ఈడు ఆడపిల్లలు ఇద్దరుంటే మెట్లు దిగి వచ్చింది ఒక్కరే. చచ్చిపోయిన పిల్ల తాలూకు మనుషులు ఎప్పుడో ఒకరోజు తలుపు కొడతారని అరవై ఏళ్ళుగా ఆవిడ ఎదురుచూస్తూనే ఉంది. పోతే తన ప్రాణం పోనీ. ఈ పిల్ల మొహంలో ఆ వెలుగు పోకూడదు.

తలుపు కొట్టారు.

వచ్చినావిడ పిట్టంత మనిషి. చేతికర్ర, సోడాబుడ్డి కళ్ళద్దాలు. తిన్నగా వచ్చి అమ్మమ్మ కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తిప్పి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది.

"ఇదేనా ఆ చెయ్యి" అంది మెల్లగా. "వినీ వినగానే పోల్చుకున్నాను."

అల్లుడు చప్పట్లు కొట్టాడు. కూతురు కళ్ళు ఒత్తుకుంది. వచ్చినావిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని టీ తాగింది, బిస్కెట్టు ముంచుకు తింది, మనవరాలి బుగ్గ గిల్లి "బాగా చేస్తున్నావమ్మా" అంది. పావుగంట గడిచింది. ఏమీ జరగలేదు. అమ్మమ్మకి అప్పటికి గాని ఊపిరి ఆడలేదు. లేనిపోని భయాలు, ముసలితనం, అనుకుంది.

"మీరిద్దరూ ఓసారి ఆ భాషలో మాట్లాడుకోండి!" మనవరాలు సెల్‌ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడింది. "మాకెలాగూ అర్థం కాదు. మా మీద చాడీలు చెప్పుకున్నా పర్లేదు."

వచ్చినావిడ నవ్వుతూనే చెంచా తీసుకుంది. బల్ల మీద నిదానంగా, ఒక్కో అక్షరం విడదీసి కొట్టింది. కొట్టినంతసేపూ అమ్మమ్మ మొహం మీంచి చూపు తిప్పలేదు.

చెంచా ఆగింది.

"ఏమంటున్నారు అమ్మమ్మా? చెప్పు, చెప్పు!"

"క్షేమంగా ఉన్నావా అంటోందే తల్లీ" అంది అమ్మమ్మ.

చెంచా అడిగింది మాత్రం, "మా పిచ్చుకని ఎక్కడ పాతిపెట్టావు?" అని.