పదకొండో పద్యం

"ఈ మూలకు మాత్రం సున్నం కొట్టలేదయ్యా," అంది బైలప్ప ఇంటికి సున్నం కొడుతున్న నల్లమ్మ, చేతిలో కుంచెతో.

నాగలమడిక బడిలో పాఠాలు చెప్పే అయివారైన బైలప్ప, తెచ్చుకున్న బొగ్గుముక్కను వెనక దాచుకున్నాడు. "ఏమిటికి?"

"ఏటేటా ఉగాదికి నువ్వు ఈడ బొగ్గుతో ఒక పద్యం రాస్తావు. మళ్లీ ఉగాదికి నేను సున్నం కొట్టి చెరిపేస్తా. చదువు రానిదాన్నయినా, పాపం చేసినట్టుంటాది. పది పద్యాలు పోయినాయి. ఇదన్నా ఉండనీ. ఒకసారి చదివి వినిపించు."

"ఇప్పుడు యాడ తీరికుండాది? బడి చూడల్ల, టపాలో వచ్చిన జాబులు పంచల్ల, తాలూకా అమల్దారు అడిగిన జనాభా లెక్కలు రాయల్ల..."

"ఒక్క పద్యానికి ఎంతసేపు?"

బైలప్ప గోడవైపు తిరిగాడు. "ఈ ఏడాది రోజుకొక పద్యం రాయవలెను," అని చదివాడు.

"ఆమీట?"

"అంతే."

"దీని ముందు రాసింది?"

"అదే."

"మొదట్లో రాసిందన్నా?"

అతను బొగ్గుముక్కను పిడికిట్లో బిగించాడు.

నల్లమ్మ కుంచె ముంచి ఆ మూలకు సున్నం కొట్టింది. ఎప్పుడూ ఒక పూతే వేసేది, ఈసారి రెండు వేసింది. తర్వాత అతని పిడికిలి విప్పి, బొగ్గుముక్క తీసుకుని పొయ్యిలో వేసింది.