అండర్ అంటే కింద ఒక్కటే కాదు

పొద్దున తొమ్మిదికి ఫోన్ మోగింది. సుందరవల్లి ఎత్తేసరికి తెరమీద పోలీసు ముద్ర కనిపించింది. మనిషి కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది.

“మేడం, యూ ఆర్ ఇన్ డిజిటల్ అరెస్ట్.”

ఆమె పక్కనున్న కుర్చీ పట్టుకుని కూర్చుంది.

తిరుపతిలో ముప్పైనాలుగేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇలాంటి దొంగ ఫోన్ల గురించి పేపర్లో చదివింది. వస్తే వెంటనే పెట్టెయ్యాలని వీధిలో నలుగురికీ చెప్పింది కూడా. తను మాత్రం పెట్టలేకపోయింది.

గొంతు కాగితం చూసి చదివినట్టు చెప్పుకుపోయింది. ఆమె పేరుతో మత్తుమందుల పార్సిల్ దొరికిందట. విచారణ ముగిసేదాకా కెమెరా ముందునుంచి లేవకూడదట. ఫోన్ పెట్టేస్తే ఇంటికి జీపు వస్తుందట.

“ఇంట్లో ఇంకెవరున్నారు?”

“ఇప్పుడెవరూ లేరు సార్.”

“యూ ఆర్ ఇన్ అరెస్ట్. గుర్తుంచుకోండి.”

సుందరవల్లి తెరకేసి వంగింది. “‘ఇన్’ కాదు సార్. ‘అండర్ అరెస్ట్’ అనాలి.”

అవతల ఇంకెవరిదో మోటు గొంతు.

“ఏమంటాందిరా ముసల్ది?”

“ఇంగ్లీషు తప్పులు దిద్దతా ఉండాదన్నా.”

“దిద్దుకోనీలే. నాకెట్లాగూ ఆ ఇంగ్లీషు రాదు, నువ్వన్నా నేర్సుకో. ఫోను మాత్రం పెట్టనీగాకు. మద్దేనం బ్యాంకుకు పంపీల.”

సుందరవల్లి నోటుబుక్కు ఒళ్ళోకి లాక్కుంది.

“‘అండర్’ అంటే కింద ఒక్కటే కాదు సార్. చాలా అర్థాలున్నాయి. మొదటిది మాత్రం కిందే. ఒక వాక్యం చెప్పండి. మీరున్న చోటు చూసి చెప్పండి, తేలిగ్గా వస్తుంది.”

అతను ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

“యాన్ ఓల్డ్ ఫ్రూట్ వేర్‌హౌస్ ఈజ్ అండర్ అస్.”

పాత పండ్ల గోడౌను, కింద. ఆమె రాసుకుంది.

“బాగుంది. రెండోది, తక్కువ. పదేళ్ళలోపు పిల్లల్ని ‘అండర్ టెన్’ అంటాం చూడండి, అట్లా.”

బండ్లు ఆగి రుసుము కట్టే చోటుకు ఇక్కణ్ణుంచి అయిదు నిమిషాలు కూడా పట్టదని ఇంగ్లీషులో చెప్పాడతను. అదీ రాసుకుంది.

“మూడోది, ఒకరి అదుపులో ఉండటం.”

ఈసారి అతను గొంతు తగ్గించాడు.

“ట్వంటీ పీపుల్... ఆర్ అండర్ లాక్ అండ్ కీ.”

ఇరవై మంది, తాళం వేసి. రాస్తుంటే ఆమె కలం ఆగింది. “కరెక్ట్,” అంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కెమెరా గుర్తొచ్చి గబగబా పెట్టుకుంది.

“అన్నం తిన్నారా సార్?”

“లేదు.”

“నిన్న?”

అతను మళ్ళీ కాగితం చదవడం మొదలుపెట్టాడు.

పదకొండింటికి పనిమనిషి అక్కమ్మ వచ్చింది. “ఏందమ్మా, కాఫీ గూడా తాగకుండా బొమ్మ మాదిరి కూసోనుండావు?”

“ఎవురది?” మోటు గొంతు ఉరిమింది.

“పనిమనిషి. ఊరికే పంపించేస్తే వీధిలో అనుమానపడతారు.” సుందరవల్లి తను రాసుకున్న కాగితం అడుగున ఇంకో రెండు ముక్కలు కలిపి, చించి, మడిచి అక్కమ్మ చేతిలో పెట్టింది. “ఎదురింటి దేవరాజులు కూతురికి ఇచ్చిరా. ఇంగ్లీషు హోంవర్కు. వాళ్ళ నాయనకు చూపించి సంతకం పెట్టించుకోమను.”

మోటు గొంతు నవ్వింది. “అరెస్టులో గూడా పాఠాలు మానలేదురా టీచరమ్మ!”

దేవరాజులు హెడ్ కానిస్టేబుల్ అని అతనికి తెలియదు.

అక్కమ్మ పెట్టిపోయిన అన్నం చల్లారిపోయింది. సుందరవల్లి ముట్టుకోలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేవలేదు. ఒంటిగంటకు బ్యాంకుకు బయల్దేరమన్నారు. పాసుపుస్తకం కనపడలేదంది. రెండింటికి మళ్ళీ అన్నారు. మోకాళ్ళ నొప్పులంది.

“గట్టిగా బెదిరీరా!” అవతల మోటు గొంతు, వెంటనే చెంపమీద దెబ్బ చప్పుడు.

సుందరవల్లి కళ్ళు మూసుకుంది. “పోతాను. బ్యాంకుకు పోతాను. ఆ సార్‌ని కొట్టకండి.”

చీర మార్చుకుని, సంచీ తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా ఫోన్లో తలుపు బద్దలైన చప్పుడైంది. ఎవరో అరిచారు. ఎవరో పరిగెత్తారు. అవతలి ఫోన్ దేనికో తగిలి కింద పడింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఫోన్ మళ్ళీ మోగడానికి ముప్పావు గంట పట్టింది.

“మేడం, ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుతున్నా. బంగారుపాళ్యం దగ్గర, టోల్‌గేటుకు ఇవతల, మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడౌను మేడమీద దొరికారు. ఉద్యోగాలిస్తామని పిలిపించి, ఫోన్లు లాక్కుని, తాళాలు వేసి ఈ పని చేయిస్తున్నారు. ఇరవై మంది. మీ కాగితం లేకపోతే మాకు ఆనవాలే లేదు.”

“అందరూ బాగున్నారా?”

“బాగున్నారు. నీరసంగా ఉన్నారంతే.” ఆయన కాగితాలు తిరగేసిన చప్పుడైంది. “ఒక్కటి మాత్రం అంతుబట్టలేదు మేడం. వాళ్ళకిచ్చిన లిస్టంతా చూశాం. అందులో మీ నంబరు లేదు. మీతో మాట్లాడినవాడికి అది ఎక్కడ దొరికిందో!”

“వాడికి కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే సార్,” అంది సుందరవల్లి, “వాడు నా కొడుకు.”