పైపులో గడ్డి

తీసిందా, తీయలేదా? నిన్న దుమ్ము లేచినప్పుడు పైపు మూత కనిపించక, దుమ్ము లోపలికి పోకుండా, మామిడిపళ్ల పెట్టెలో కుక్కినట్టే పైపు మూతిలో ఎండుగడ్డి కుక్కడం పార్వతికి గుర్తుంది. తీయడమే గుర్తులేదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ చేతిలో గడ్డి కనిపిస్తోంది గాని, అది జ్ఞాపకమో, తన భయం కల్పించిందో తెలియడం లేదు.

యుద్ధవిమానాలకు ఇంధనం వెళ్లే లైను అది. వెల్డింగ్ అయిపోయింది. కందకం పూడ్చడానికి జేసీబీ వచ్చింది.

"ఏమయ్యా, సూపర్‌వైజర్‌కి చెప్పనా?" వెల్డింగ్ చేసిన భర్త పెద్దిరాజును అడిగింది.

"చెప్తే ఇద్దర్నీ గేటు బయట పెడతారు. ఈ ఏడు తోటల్లో కాపు కూడా లేదు. ఏం తింటాం?"

"గడ్డి ఉండిపోయుంటే?"

"తీసే ఉంటావులే."

"అతికే ముందు నువ్వు లోపల చూశావుగా?"

పెద్దిరాజు జేసీబీ వైపు తిరిగాడు. "నువ్వు తీసుంటావనుకున్నా."

పొద్దుటినుంచి ఆమె అతని చూపునే నమ్ముకుని ఉంది. అతను ఆమె చేతుల్ని నమ్ముకున్నాడు. రేపు విమానం ఎక్కేవాడు ఇద్దరినీ నమ్ముకుంటాడు.

జేసీబీ బకెట్ మట్టితో పైకి లేచింది.

"పార్వతీ, ఇటు రా," అని పెద్దిరాజు పిలిచాడు.

ఆమె కందకంలోకి దిగి పైపు మీద కూర్చుంది.