అంతా బాగుంది సార్

వచ్చిన మనిషి స్టాఫ్ రూములో తనకోసం వేసిన కుర్చీ వదిలేసి, టిఫిన్ డబ్బాతో వెళ్ళి పిల్లల మధ్య మెట్ల మీద కూర్చున్నాడు.

కిటికీలోంచి చూసిన హెడ్మిస్ట్రెస్ లెక్కల మాస్టారి వైపు తిరిగింది.

"చూశారా? మనం నిజం చెప్పం అనుకుని పిల్లల దగ్గర కూపీ లాగుతున్నాడు."

"ఆ నవ్వు చూసినప్పుడే అనుకున్నాను మేడమ్," అన్నాడు లెక్కల మాస్టారు. "పక్క స్కూలుకీ ఇలాగే నవ్వుతూ వచ్చారట. నెల తిరక్కుండా మూసేశారు."

చిన్న హైస్కూలు. తరగతికి ఒక్కటే గది. క్లాసులో ఎవరు దగ్గారో వెనక్కి తిరగకుండానే చెప్పగలరు టీచర్లు. పిల్లల ముద్దుపేర్లు కూడా వాళ్ళ నోటికి వచ్చు.

కానీ చేరే పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. పైఆఫీసు నుంచి ముందురోజు ఫోన్లో చెప్పింది ఒక్క ముక్కే. "మీ స్కూలు చూడ్డానికి ఒకాయన వస్తాడు. కొన్ని రోజులుంటాడు."

రాగానే ఆయన ఏదో చెప్పబోయాడు.

"మేడమ్, నేనెందుకొచ్చానంటే..."

"తెలుసండీ, ఫోన్ వచ్చింది. ముందు కాఫీ తాగండి," అంటూ ఆవిడ మాట తుంచేసింది.

ఆయన ఫైళ్ళు అడగలేదు. మార్కులు అడగలేదు. వెనక బెంచీలో కూర్చుని పాఠాలు విన్నాడు. ఆటల పీరియడ్‌లో గోడ దాటిన బంతి తెచ్చిచ్చాడు.

పిల్లల్ని మాత్రం ఒకటే అడిగేవాడు. "మనసు బాగోకపోతే ఈ స్కూల్లో ఎవరితో చెప్పుకుంటావు?"

ఆ ప్రశ్న చెవిన పడగానే స్టాఫ్ రూములో కలకలం మొదలైంది.

మర్నాడు పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ పిల్లలందర్నీ దగ్గరకు పిలిచింది.

"ఆ సారు ఏమడిగినా 'అంతా బాగుంది సార్' అనండి. లేనిపోనివి వాగారో, మన స్కూలు మూతపడుతుంది. తెలిసిందా?"

"తెలిసింది మేడమ్!"

పిల్లలకి ఆ స్కూలంటే ప్రాణం. ఏ పాఠమూ అంత బాగా అప్పజెప్పలేదు వాళ్ళు.

"ఎవరితో చెప్పుకుంటావమ్మా?"

"మాకు బాధలే లేవు సార్. అంతా బాగుంది."

"నువ్వో బాబూ?"

"అంతా బాగుంది సార్."

పదో తరగతిలో ఒక అమ్మాయిని అందరూ వసపిట్ట అనేవారు. ఒకప్పుడు ఆ నోటికి తాళం వెయ్యడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఈ మధ్య హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకుంటోంది. పరీక్షల భయం కాబోలనుకున్నారు టీచర్లు.

మధ్యాహ్నం ఆయన వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ఊరికే కూర్చున్నాడు.

చాలాసేపటికి వసపిట్టే తలెత్తింది.

"సార్... మా ఇంట్లో..."

"ఇక్కడున్నావా!" అంటూ హెడ్మిస్ట్రెస్ గబగబా వచ్చింది. "లైబ్రరీలో నీకోసం వెతుకుతున్నారు, వెళ్ళు."

ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది.

"ఏదో చెప్పబోయిందండీ," అన్నాడాయన.

"అబ్బే, దానికి ఈ మధ్య కాస్త బిడియం, అంతే. మా పిల్లలు ఏదున్నా మాతోనే చెప్పుకుంటారు. కన్నవాళ్ళ దగ్గర కూడా అంత చనువుండదు."

"అయితే అదృష్టవంతులు," అన్నాడాయన.

వెళ్ళేరోజు గేటు దాకా వచ్చి మళ్ళీ ఆగాడు.

"నిజంగా మీకు ఏ లోటూ లేదా మేడమ్? ఉంటే చెప్పండి, తప్పేం లేదు."

ఆవిడ ఒక్క క్షణం తడబడింది.

"ఏ లోటూ లేదండీ."

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. గండం గడిచిందని స్టాఫ్ రూములో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పరీక్షలు దగ్గర పడుతుండగా వసపిట్ట రావడం మానేసింది.

హెడ్మిస్ట్రెస్ ఇల్లు వెతుక్కుంటూ వెళితే ఆ పిల్ల పెద్దమ్మ తలుపు తీసింది.

"బట్టల కొట్లో పనికి కుదిరిందమ్మా. మా మరిది, అదే దాని నాన్న, ఇల్లొదిలి పోయాడు. చెల్లెలు మంచం పట్టింది. ఎవరో ఒకరు సంపాదించాలిగా?"

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఏడాది కావస్తోంది."

"మాతో ఒక్క మాట చెప్పలేదే!"

"అడిగితే చెప్పేదేమో," అంది పెద్దమ్మ. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

హెడ్మిస్ట్రెస్ అటునుంచి అటే కొట్టుకి వెళ్ళింది. వసపిట్ట చీరలు మడతపెడుతోంది.

"రామ్మా, ఏదో ఒక దారి చూద్దాం. పరీక్షలన్నా రాయి."

"యజమాని చూస్తారు మేడమ్. మీరు వెళ్ళండి," అంది ఆ పిల్ల, తలెత్తకుండానే.

పెద్దమ్మ అన్న మాట పట్టుకునే మర్నాడు పైఆఫీసుకి వెళ్ళింది హెడ్మిస్ట్రెస్.

"సార్, మాకు పాఠాలు చెప్పుకోవడంతోనే సరిపోతోంది. పిల్లలకి ఏం కష్టం ఉందో వినేవాళ్ళు లేరు. కౌన్సెలర్ని ఎవర్నైనా వెయ్యండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆఫీసరు కళ్ళజోడు తీసి వింతగా చూశాడు.

"ఉన్న ఒక్క మనిషినీ ముందు మీ దగ్గరికే పంపాం కదమ్మా?"

"మా దగ్గరికా? ఎవరూ రాలేదండీ."

"భలేవారే! మీ స్కూల్లో కొన్ని రోజులుండి చూసొచ్చాడే, ఆయనే. మీ పిల్లలకి చెప్పుకునే దిక్కుందని సంతోషపడి, అది లేని స్కూలు చూసుకుని అక్కడ చేరిపోయాడు."