జ్వరం ఉందా?

“లేదు అని టిక్కు పెట్టవే!” అమ్మ పళ్ళ బిగువున అంది.

“ఉందిగా అమ్మా,” అంటూ కూతురు ‘జ్వరం ఉందా?’ అన్న ప్రశ్న ఎదుట ‘అవును’ మీద టిక్కు పెట్టేసింది.

అమ్మ కాగితం లాక్కోబోయింది. విమానాశ్రయంలో ఆరోగ్య తనిఖీ వరస అది. వాళ్ళు వెళ్ళొచ్చిన దేశంలో ఏదో కొత్త జ్వరం పాకుతోందట. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే కాగితం. అవును అంటే పది రోజులు వేరే గదిలో పెట్టేస్తారు. అద్దాల తలుపు అవతలేమో వాళ్ళ నాన్న, కోచ్, బడి బడంతా పూలగుత్తులతో ఎదురుచూస్తున్నారు. పదిహేనేళ్ళకే పరాయి దేశంలో కుస్తీ పట్టి బంగారు పతకం తెచ్చిన పిల్లాయె మరి!

అమ్మ మళ్ళీ దాని నుదురు పట్టుకు చూసింది. మంచుముక్కలా ఉంది. ఒళ్ళింత చల్లబడిందంటే జ్వరం లోపల దాక్కుందన్నమాటే. విమానంలోనూ పదిసార్లు చూసింది, పదిసార్లూ ఇంతే. ఆ బెంగతో తనకి కాళ్ళు పీకేస్తున్నాయి, నోరు పిడచకట్టుకుపోతోంది.

“చెరిపెయ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఇంటికెళ్ళాక మాత్ర వేసుకోవచ్చు.”

“బయట నాలుగొందల మంది ఉన్నారమ్మా. అందరూ వచ్చి వాటేసుకుంటారు. వాళ్ళ ఇళ్ళల్లో ముసలాళ్ళు లేరా, చంటిపిల్లలు లేరా?”

“ఊరందరి గోల నీకెందుకే?”

“అంత దూరం నుంచి మోసుకొచ్చి మనమే పంచిపెడదామా?”

అమ్మ కూతురి వంక తేరిపార చూసింది. పతకం మెడలో వేసినప్పుడు కూడా ఈ పిల్ల ఇంత ఎత్తుగా కనబడలేదు. భయం భయంగానే ఉంది, అయినా ఛాతీ ఉప్పొంగింది. ముందున్నాయన వెనక్కి తిరిగేసరికి అడక్కుండానే చెప్పేసింది.

“మా అమ్మాయేనండీ. కుస్తీలో బంగారు పతకం.”

“అదా సంగతి! మిమ్మల్ని రెండు మాటల్లో చిత్తు చేసేస్తే ఎవరా అనుకున్నాను,” అన్నాడాయన.

వాళ్ళ వంతు వచ్చింది. కాగితం చూసి డాక్టరమ్మ మొహం గంభీరంగా పెట్టింది. పిల్ల నుదుటికి పరికరం గురిపెట్టింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

“నువ్వు నిక్షేపంలా ఉన్నావు కదమ్మా! మరి అవును అని ఎందుకు పెట్టావు?”

అమ్మ కళ్ళు తెరిచేలోగా కూతురు అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“జ్వరం నాకు కాదండీ, అమ్మకి. హడలిపోతుందని ఇంతసేపూ చెప్పలేదు.”