మంచివాళ్ళ దిబ్బ

ఫెస్టస్ గాహన్ దొంగ కాదు. దొంగైతే పోలీసులకి చెప్పుకునేవాణ్ణి. చట్టప్రకారమే నన్ను ముంచాడు.

నా పచ్చిక బయలుకీ వాడి పొలానికీ మధ్య ఒక దిబ్బ ఉండేది. గుండ్రటి మట్టికట్ట, చుట్టూ ముళ్ళచెట్లు, లోపల గడ్డిలో అక్కడక్కడా తెల్లరాళ్ళు. మా లిస్‌కారన్ ఊళ్ళో దాన్ని మంచివాళ్ళ దిబ్బ అంటారు. మంచివాళ్ళంటే నేల కింద తిరిగే దయ్యాలు. అసలు పేరు పెట్టి పిలిస్తే వాటికి కోపమట. తరతరాలుగా అక్కడ ఎవరూ నాగలి పెట్టలేదు, కొమ్మ విరవలేదు. అది ఎవరిదని మా నాన్నా అడగలేదు, వాడి నాన్నా అడగలేదు.

హద్దులు తేల్చడానికి డబ్లిన్ నుంచి కొలతలవాడు దిగాడు. బ్రిజిడమ్మ బావి నుంచి నల్లచెరువు దాకా గొలుసు లాగాడు. దిబ్బ మొత్తం ఫెస్టస్ వైపు పడింది.

ఆ సాయంత్రమే వాడు పబ్బులో చాటింపు వేశాడు. “బుల్డోజరు తెప్పిస్తున్నా. చదును చేసి గడ్డి గింజలు జల్లుతా.”

వాణ్ణి పక్కకి పిలిచాను. “ఒరేయ్ ఫెస్టస్, ఆ దిబ్బ నాకొదిలెయ్. ఏటి పక్క ఎకరం నీకు రాసిస్తా.”

వాడు పబ్బంతా వినేలా అరిచాడు. “విన్నారా! ముళ్ళకంపకి ఎకరం పచ్చికట! ఏముందిరా అక్కడ, బంగారం కుండా?”

“మన కొల్మన్‌కి దయ్యాల భయంరా,” అన్నాడు పబ్బు యజమాని. “రాత్రిపూట వచ్చి వీడి ఆవుల్ని పిండుకుపోతాయని!”

అందరూ పగలబడి నవ్వారు. మూల కూర్చున్న ముసలాళ్ళిద్దరు మాత్రం గ్లాసుల్లోకి చూస్తూ ఉండిపోయారు.

“అవును, భయమే,” అన్నాను. పిరికివాడన్న పేరే నయమనిపించింది.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌ని పట్టుకున్నాను. “మీరొక్క మాట చెబితే వాడు ఆగుతాడు ఫాదర్.”

“తల నెరిశాక కూడా ఈ మూఢనమ్మకాలేంటి కొల్మన్? అదేమన్నా దీవించిన నేలా, నేను అడ్డం పడ్డానికి?”

కుర్రాడు, కొత్తగా వచ్చాడు. పాత ఫాదరైతే నన్ను చూడగానే తలుపేసుకునేవాడు.

ఇంట్లో మా ఆవిడ దీలియా అందుకుంది. “ఊరు ఊరంతా నవ్వుతోందయ్యా. ఎకరం ఇచ్చేస్తే ఆవులు గాలి మేస్తాయా? అసలేముందక్కడ?”

“ఏం లేదు.”

“ఏం లేనిదానికే ఇంత గొడవా?”

గురువారం పాలకేంద్రానికి వెళ్ళి వచ్చేసరికి అంతా అయిపోయింది. ముళ్ళచెట్లు వేళ్ళు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి. ఫెస్టస్ తెల్లరాళ్ళు ఏరి తన గేటు దగ్గర బురదలో పరుస్తున్నాడు, బండి చక్రం దిగబడకుండా.

“రారా కొల్మన్! ఒక్క దయ్యం బయటికొస్తే ఒట్టు!”

ఆ రాళ్ళ మీద అడుగు వెయ్యలేక గోడ దూకి ఇంటికొచ్చాను.

దీలియా నా మొహం చూసింది. టీ పోసి ముందు పెట్టింది. తిట్టలేదు. “పోనీలే. మనది కానిదేగా పోయింది. మనకేం నష్టం చెప్పు?” అంది.

చెప్పలేదు గానీ, నాకు నష్టమైంది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు నేల: బాప్తిస్మం అందకుండానే చనిపోయిందని మా మొదటి పిల్లకి పాత ఫాదర్ చర్చి స్మశానంలో చోటివ్వకపోతే, ఎక్కడన్నది తల్లికి తెలియనివ్వకూడదన్న ఆచారం ప్రకారం, దీలియాకి ఇన్నేళ్ళూ చెప్పకుండా నేను పూడ్చిపెట్టి, గుర్తుగా తెల్లరాయి ఉంచిన చోటు.